డబ్బాలో ఆఖరి షటిల్

పీణ్య, బెంగళూరు
14 జూన్ 2004

చిరంజీవి సంధ్యకు,

మీ మామ రామాంజినప్ప రాస్తున్నాడు. అందరం క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. మీ అత్త పిల్లమ్మ క్షేమం, నేను కోపం.

పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గర ఇరుసు చుట్టూ తొడిగే బుష్‌లు చేయించుకుంటున్న పంపుల కంపెనీ పోయిన నెల ఆర్డరు ఆపేసింది. కొత్తగా వచ్చిన కొనుగోలు మేనేజరు నాతో అరగంట మాట్లాడి, వారం తిరక్కుండా పని ఇంకొకరికి ఇచ్చాడు. ఎందుకని అడక్కు. నేను చేసిన బుష్ ఒక్కటి కూడా వెనక్కి రాలేదు, అది మాత్రం గుర్తుపెట్టుకో.

ఇప్పుడు షెడ్డులో పని తక్కువ, ఈగలు ఎక్కువ. పాతకాలం కాలు కుట్టుమిషన్లకు నేను కింది దారం నడిపే షటిళ్ళు, బాబిన్ కేసులు చేస్తానని నీకు తెలుసు కదా. కంపెనీలు ఆ సామాన్లు చేయడం ఎప్పుడో మానేశాయి. నెలకు ముగ్గురో నలుగురో దర్జీలు నన్ను వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోతారు. వాటితో కడుపు నిండదు గానీ, నాకు ఇష్టమైన పని అదే.

నిన్న టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. నా అంగడిని కంప్యూటర్‌లో పెడతాడంట. దేశంలో ఎక్కడివాళ్ళయినా అక్కడే చూసి కొనుక్కుంటారంట. ఆయన అడిగిన మొత్తానికి ఇనుము చెక్కే పాత లేత్ ఇంకోటి వస్తుంది. "సంతకం పెట్టండప్పా, మిగతాది మాకు వదిలేయండి" అన్నాడు. మిగతాది వదిలేయమనేవాళ్ళంటే నాకు భయం.

నువ్వు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరువి. మన ఇంట్లో మొదటి ఇంజనీరువి. మా అక్క, అదే మీ అమ్మ గంగమ్మ, హిందూపురం బస్టాండులో కండక్టర్లకు కూడా చెప్పింది. కాబట్టి నువ్వే చెప్పు, ఇది అయ్యే పనా, మోసమా?

దసరా దాకా చూస్తాను. అప్పటికీ దారి దొరక్కపోతే లేత్‌ను పక్క షెడ్డు నాగరాజుకు ఇచ్చేస్తానని మాట ఇచ్చాను. తర్వాత యాభై ఆరేళ్ళ వయసులో ఎవరి షెడ్డులోనో కూలికి నిలబడాలి. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి మీ అమ్మకు రాయకు.

ఫోన్ చేయొద్దు. ఇక్కడ మిషన్ల రొద. ఉత్తరమే రాయి.

మామ

అమీర్‌పేట, హైదరాబాదు
23 జూన్ 2004

మామా,

సంతకం పెట్టలేదు కదా? పెట్టకు.

అంగడి నడిపే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంది. కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో ఉంది, నా దగ్గరే ఉంది. ఓపెన్ సోర్స్ అంటారు. దాని లోపల రాసిందంతా తెరిచి పెట్టి ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు. ఇంటర్నెట్‌లో పేరుకూ చోటుకూ అయ్యే ఖర్చు నీ బీడీల ఖర్చు కన్నా తక్కువ. ఆ టై ఆయన కూడా బహుశా ఇదే తెచ్చి, పైన తన లేబుల్ అంటిస్తాడు.

ఇక అయ్యే పనా అన్నావు. నీ షటిళ్ళు పీణ్యలో నెలకు నలుగురికి కావాలి. కానీ దేశంలో ఎన్ని ఊళ్ళున్నాయి మామా? ఊరికొక దర్జీ దగ్గర ఒక పాత మిషన్ మూల పడి ఉందనుకో. ఆ ఒక్కడి కోసం ఏ పెద్ద కంపెనీ షటిల్ చేయదు. ఆ ఒక్కొక్కళ్ళనీ కలిపితే నీ పంపుల కంపెనీ కన్నా పెద్ద ఖాతాదారు అవుతారు. వాళ్ళకు నువ్వున్నావని తెలియదు, అంతే.

నీ దగ్గర ఏయే సామాన్లున్నాయో, ఏ మిషన్‌కు సరిపోతాయో, ఒక్కోటి ఎన్ని ఉన్నాయో జాబితా రాసి పంపు. మీ దగ్గర్లోని జాలహళ్ళి క్రాస్‌లో రియాజ్ అని ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆయనతో మాట్లాడాను. ఆయన వచ్చి ఫొటోలు తీస్తాడు.

ఒక అనుమానం. షెడ్డులో పని లేదంటావు, మిషన్ల రొద అంటావు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

సంధ్య

పీణ్య
5 జూలై 2004

సంధ్యా,

నీ అనుమానాలు పక్కన పెట్టి నా అనుమానం తీర్చు. ఊరికే ఇచ్చేవాడికి ఏం లాభం? పెళ్ళిలో కూడా ఊరికే భోజనం పెట్టరు, చేతిలో కవరు ఉందా అని చూస్తారు.

రెండు రోజులు ఇదే ఆలోచించాను. మూడో రోజు దేవదానం మేస్త్రి గుర్తొచ్చాడు. నాకు పని నేర్పినవాడు. ఆ కాలంలో మిగతా మేస్త్రీలు టూల్ సాన పట్టేటప్పుడు కుర్రాళ్ళకు కనపడకుండా వీపు తిప్పి నిలబడేవాళ్ళు. దేవదానం నన్ను పక్కకు లాక్కుని, "చూడప్పా, నా చెయ్యి చూడు, ఇందులో దాచేదేముండాది" అనేవాడు. ఆయనకు ఏం లాభం వచ్చింది? ఏమీ రాలేదు. నీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు కూడా అట్లాంటివాళ్ళే అయితే నాకు అభ్యంతరం లేదు.

జాబితా పంపుతున్నాను. మొత్తం అరవై రెండు పాలపొడి డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో రకం. ఎన్ని ఉంటే అన్ని రాశాను. నా దగ్గర ఏ డబ్బాలోనూ సున్నా లేదు, ఎప్పుడూ ఉండదు. గొప్పలు అనుకోకు, వచ్చి చూసుకో.

మామ

అమీర్‌పేట
9 ఆగస్టు 2004

మామా,

నీ అంగడి తెరిచాను. పేరు 'రామాంజినప్ప షటిల్స్'. ఇంగ్లీషులో, కన్నడంలో, తెలుగులో కనిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో కన్నడం, తెలుగు లేవు. తెరిచి ఉన్నది కాబట్టి నేనే రాసి చేర్చాను. రియాజ్ దగ్గరికి పోయి ఒకసారి చూడు. నీ పేరు పైన ఎర్రటి అక్షరాల్లో ఉంటుంది. నాకైతే చూసినప్పుడల్లా ఇంకోసారి చూడాలనిపిస్తోంది.

పని తీరు ఇది. ఎవరైనా కొంటే రియాజ్ కంప్యూటర్‌కు కబురు వస్తుంది. ఆయన కాగితం మీద తీసి నీకు తెచ్చి ఇస్తాడు. నువ్వు వీపీపీలో పంపితే, వాళ్ళు పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు కట్టి సరుకు తీసుకుంటారు. ఎన్ని అమ్ముడుపోయాయో, ఎన్ని మిగిలాయో లెక్క అంగడే చూసుకుంటుంది.

ఫోన్ నంబరు పెడదామంటే ససేమిరా అన్నావని రియాజ్ చెప్పాడు. ఎందుకు మామా?

సంధ్య

పీణ్య
30 ఆగస్టు 2004

సంధ్యా, వచ్చింది!

రెండు వారాల కిందట ఒక పొద్దున రియాజ్ స్కూటర్ స్టాండ్ కూడా వేయకుండా కాగితం ఊపుతూ నిలబడ్డాడు. బళ్ళారి నుంచి ఒక రిపేరు షాపు. మూడు షటిళ్ళు. బేరం ఆడలేదు, 'మళ్ళీ వస్తాలే' అనలేదు, కావలసింది శుభ్రంగా రాసి పంపాడు. ఇంత మర్యాదస్తుడైన ఖాతాదారుని నేను ఇంతవరకు చూడలేదు.

అది మొదలు. తర్వాత నాందేడ్, తర్వాత తిరుచ్చి. మదురైలో ఒకాయన ఏకంగా ఇరవై బాబిన్ కేసులు అడిగాడు. నేను లేత్ మీద, మీ అత్త పార్సెళ్ళ మీద. ఒక్కోదాన్నీ తన పాత చీర ముక్కల్లో చుడుతోంది. ఇట్లాగే సాగితే కట్టుకోవడానికి చీర మిగలదని నేనంటే, కొత్తది కొను అంటోంది.

పద్దెనిమిదేళ్ళు నా బుష్‌ల మీద పంపుల కంపెనీ తన పేరు కొట్టుకుంది. ఇప్పుడు పార్సెల్ మీద 'రామాంజినప్ప, పీణ్య' అని ఉంటుంది. పోస్టాఫీసులో గుమాస్తా ఆ పేరు చూసి, నన్ను చూసి, మీరేనా అన్నట్టు తల ఎగరేశాడు. "నేనే" అన్నాను. మరీ గట్టిగా అరిచానంట, మీ అత్త గిల్లింది. అరిస్తే అరిచాను. నాకు గర్వంగా ఉంది, ఎవరికేం?

మామ

పీణ్య
16 సెప్టెంబరు 2004

సంధ్యా,

ఆశీస్సులు తర్వాత.

నేను స్టీలు కడ్డీల కోసం హొసకోటె పోయిన రోజు జబల్‌పూర్ నుంచి ఆర్డరు వచ్చింది. నలభై ఒకటో నంబరు షటిల్, ఒకటి. మీ అత్త డబ్బా తెరిచింది. ఒకటి ఉంది. చుట్టింది, పోస్టులో వేసింది. ఆమె తప్పేమీ లేదు. నీ అంగడి ఒకటుంది అన్నది, డబ్బాలో ఒకటుంది.

అది అమ్మేది కాదు! మన ఇళ్ళల్లో బియ్యం డబ్బా అడుగు కనపడనిస్తారా ఎవరైనా? గుప్పెడయినా ఉంచుతారు కదా? నా దగ్గర ప్రతి డబ్బాలో ఆఖరిది నమూనా. దాన్ని చేతిలో పట్టుకుని చూసుకున్నాకే తర్వాతిది మొదలుపెడతాను. ఈ నలభై ఒకటో నంబరు దేవదానం మేస్త్రి తన చేత్తో చేసింది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. కొలతలు ఎక్కడా రాసి పెట్టలేదు. ఆయన చేతి పని నా దగ్గర అదొక్కటే మిగిలింది.

ఇంత చదివిన ఇంజనీరువి, ఈ మాత్రం ఇంగితం లేకపోయిందా? ఆఖరిది అమ్మకూడదని ఒకరు చెప్పాలా? నీ అంగడి మూసెయ్. దసరా దాకా కూడా ఎందుకు, నాగరాజుకు రేపే కబురు పెడతాను.

రామాంజినప్ప

అమీర్‌పేట
29 సెప్టెంబరు 2004

మామా,

అంగడి మూయలేదు. కోపం చల్లారాక కూడా మూయమంటే అప్పుడు మూస్తాను. నాగరాజుకు కబురు పెట్టలేదని అత్త రియాజ్‌తో చెప్పించింది. ఆమెకు వంద దండాలు.

నువ్వు 'ఇంజనీరువి' అని రాసిన చోటే నా కళ్ళు ఆగిపోయాయి. నేను ఇంజనీరుని కాను. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, అది కూడా ఇంట్లో తెలియదు. ఇక్కడ ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటాను, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే లాగుతాను. అమ్మకు చెప్పిన కంపెనీ ఇదే. 'కంప్యూటర్ ఉద్యోగం' అని నేనంటే అమ్మ 'ఇంజనీరు' అని విన్నది. సరిదిద్దేలోగా బస్టాండంతా తెలిసిపోయింది. రెండేళ్ళుగా సిగ్గుతో నోరు మూసుకున్నాను.

మరి నీ అంగడి ఎలా పెట్టానంటావా? సెంటర్‌లో ఎవరూ లేని మధ్యాహ్నాలు ఆ సీడీలోని రాతను ఒక్కో లైనూ చదివాను. అర్థం కాని చోట ప్రశ్న రాసి పెడితే, ఎక్కడెక్కడివాళ్ళో జవాబులు రాసేవాళ్ళు. ఉద్యోగాలకు పోయిన ప్రతి చోటా డిగ్రీ ఏదని అడిగారు. ఈ సాఫ్ట్‌వేర్ నన్నేమీ అడగలేదు. మీ దేవదానం మేస్త్రి లాగా పక్కన నిలబెట్టుకుని, చూసుకో అన్నది.

తప్పు నాదే. ఏ డబ్బాలోనూ సున్నా ఉండదని నువ్వు రాశావు. నేను గొప్ప అనుకుని నవ్వుకున్నాను. బియ్యం 'అయిపోయాయి' అనే మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు, అయినా నాకు తట్టలేదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు అసలే తట్టదు. వాళ్ళ లెక్కలో ఒకటి ఉంటే ఒకటి అమ్మాల్సిందే. వారం కూర్చుని దాన్ని మార్చాను. ఇక డబ్బాలో ఒకటే మిగిలితే అంగడి దాన్ని అమ్మదు. 'కొత్తది చేసి పంపుతాం, పది రోజులు ఆగండి' అని చూపిస్తుంది. దానికి 'ఒకటి మిగుల్చు' అని పేరు పెట్టాను. నేను అందరిదీ తీసుకున్నాను కదా, అందుకని ఈ మార్పును కూడా అందరూ వాడుకునేలా పెట్టాను.

జబల్‌పూర్ ఆయనకు క్షమాపణ రాశాను. షటిల్ వెనక్కి ఇస్తారా అని అడిగాను. జవాబు రియాజ్‌కు వస్తుంది.

నన్ను ఎంత తిట్టినా పడతాను. లేత్ మాత్రం అమ్మకు మామా.

సంధ్య

పీణ్య
6 అక్టోబరు 2004

చిరంజీవి సంధ్యకు, మామ నిండు ఆశీస్సులు.

నీ ఉత్తరం మొదటిసారి చదివితే కోపం వచ్చింది. రెండోసారి మా అక్క బస్టాండు సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. మూడోసారి మీ అత్తకు చదివి వినిపిస్తూ మధ్యలో ఆపి, మిగతాది నువ్వే చదువుకో అని ఆమె చేతికిచ్చాను.

నేను ఐటీఐ గడప తొక్కలేదు. దేవదానం నన్ను సర్టిఫికెట్ అడగలేదు. నేను నిన్ను అడుగుతానా?

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. నాకు చెవులు సరిగా వినపడవు. ముప్పై అయిదేళ్ళ లేత్ చప్పుడు నాలుగేళ్ళ కిందట చెవులు తినేసింది. మీ అత్తకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ కొనుగోలు మేనేజరు అరగంట మాట్లాడితే నేను అన్నిటికీ తల ఊపాను. దేనికి ఊపానో ఇప్పటికీ తెలియదు. పని పోయింది అందుకు, నా బుష్ వల్ల కాదు. ఫోన్ వద్దన్నదీ అందుకే. నీ అంగడిలో చెవులతో పని లేదు. అందరూ కాగితం మీద మాట్లాడతారు, నేను చేత్తో జవాబు చెబుతాను. అట్లాంటిదాన్ని మూసెయ్ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జబల్‌పూర్ నుంచి హిందీలో జవాబు వచ్చింది, రియాజ్ చదివి తెలుగులో రాసిచ్చాడు. ఆయన ముసలి దర్జీ అంట. మిషన్ నాలుగేళ్ళుగా మూల పడి ఉందంట. షటిల్ వేయగానే మొదటి రోజు నాటి చప్పుడు వచ్చిందంట. మీది మీకు పంపుతాను, చేతిలో ఉన్న పెళ్ళి బట్టలు పూర్తి కానివ్వండి అని బతిమాలాడు.

నడిచే మిషన్‌లోంచి షటిల్ పీకించడానికి నాకు మనసు ఒప్పలేదు. నమూనా లేకుండా, ఒట్టి చేతి గుర్తుతో, నలభై ఒకటో నంబరు చేయడానికి కూర్చున్నాను. భయం వేసింది సంధ్యా, ఎప్పుడూ లేనిది. మూడు పాడయ్యాయి. నాలుగోది బాగానే ఉందనిపించింది. ఇది వేసి చూడండి, సరిపోతే పాతది పంపండి అని నిన్ననే జబల్‌పూర్‌కు పంపాను. సరిపోకపోతే దేవదానం దగ్గర నేను నేర్చుకున్నది ఏమీ లేదన్నమాట. అప్పుడు నాగరాజు లేత్ తీసుకుపోతే నాకు బాధ లేదు.

మామ

అమీర్‌పేట
14 అక్టోబరు 2004

మామా,

చెవుల సంగతి ఆగస్టులోనే అనుమానించాను. నువ్వే చెబుతావని ఆగాను.

ఇప్పుడొక వార్త. 'ఒకటి మిగుల్చు'ను ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్ళు పరీక్షించి అందులో కలిపేశారు. ఇకపై ఎవరు తీసుకున్నా అది దానితోనే వస్తుంది. ఎక్కడో కొవ్వొత్తులు చేసే ఆవిడ, వాయిద్యాలు చేసే ఇంకొకాయన కృతజ్ఞతలు రాశారు. వాళ్ళు కూడా నమూనాలు పొరపాటున అమ్ముకున్నవాళ్ళేనంట. ఈ తప్పు మన ఒక్కళ్ళదే అనుకున్నాను.

అందులో పాలు పంచుకున్నవాళ్ళ పేర్ల పట్టీ ఉంటుంది. కొత్తగా చేరిన పేర్లు రెండు. 'సంధ్య, హైదరాబాదు. ఆలోచన: రామాంజినప్ప, పీణ్య, బెంగళూరు.' ఆ పేజీ తీసి పంపుతున్నాను.

అమ్మకు నిజం చెప్పేశాను. మూడో రోజు బస్టాండుకు పోయి, "మా పాప ఇంజనీరు కాదంట, ఇంజనీర్లు వాడేది రాస్తాదంట" అని చెప్పి వచ్చింది. ఇక ఆమెను ఆపడం నా వల్ల కాదు.

జబల్‌పూర్ కబురు రాగానే రాయి. నాకు అన్నం సహించడం లేదు.

సంధ్య

పీణ్య
26 అక్టోబరు 2004

చిరంజీవి సంధ్యకు,

ఇక అన్నం తిను.

ఆయుధపూజ నాడు లేత్‌కు పసుపు కుంకుమ పెట్టాను. అదే చివరి పూజేమో అనుకుంటూ పెట్టాను. మర్నాడు విజయదశమి. పొద్దున్నే నాగరాజు నలుగురు మనుషులతో, ట్రాలీ బండితో వచ్చాడు. వచ్చి షెడ్డంతా చూశాడు. కట్టి పెట్టిన పార్సెళ్ళు గోడ పొడుగునా ఉన్నాయి. మీ అత్త కొత్త చీర కట్టుకుని చిరునామాలు రాస్తోంది. నాగరాజు ఏదో గొణిగితే, "గట్టిగా చెప్పప్పా, నాకు వినపడదు" అన్నాను. ఇప్పుడు అందరికీ అట్లాగే చెబుతున్నాను, ప్రాణం హాయిగా ఉంది.

"ఇంత పని పెట్టుకోని లేత్ ఇస్తావా? నీకు మతి ఉండాదా?" అని అరిచాడు. బండిని వెనక్కి పంపేసి, స్టూలు లాక్కుని కూర్చుని, "నాకూ అట్లాంటి అంగడి ఒకటి పెట్టియ్యమనప్పా ఆ పాపని" అన్నాడు. ఆయన గేర్లు చేస్తాడు, మంచి పనివాడు. ఆ సాయంత్రానికి మా వీధిలో ఇంకా అయిదు షెడ్లవాళ్ళు అడిగారు. అందరికీ పెట్టియ్యి. కానీ ఊరికే చేయకు. సాఫ్ట్‌వేర్ ఊరికే వచ్చింది, నీ పని ఊరికే రాలేదు. కౌంటర్ దగ్గర కాగితాలు లాగింది చాలు. బెంగళూరుకు వచ్చెయ్. రియాజ్ తన సెంటర్‌లో నీకు ఒక మూల ఇస్తానన్నాడు.

జబల్‌పూర్ పార్సెల్ నిన్న వచ్చింది. విప్పితే రెండు షటిళ్ళూ ఉన్నాయి. చీటీ చదివి రియాజ్ ఒకటే నవ్వు. ముసలాయన రెండింటినీ మార్చి మార్చి వాడాడంట, కుట్టు తేడా లేదంట. వాడకంతో పాతది కూడా కొత్తదానిలా మెరుపెక్కింది. ఏది మీ గురువుగారిదో నాకు తెలియలేదు, మీరే చూసుకుని రెండోది నాకు పంపండి అని రాశాడు.

నేను చూశాను సంధ్యా. అద్దాలు పెట్టుకుని చూశాను. మైక్రోమీటర్‌తో కొలిచాను. కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. నాకూ తెలియలేదు. షెడ్డు మధ్యలో నిలబడి ఏడ్చాను, మీ అత్త చూస్తుండగానే.

ఒకటి జబల్‌పూర్‌కు పంపాను. ఎవరిదో అడక్కు. నలభై ఒకటో నంబరు కొలతలన్నీ బొమ్మ గీసి దీనితో పెడుతున్నాను. అంగడిలో అందరికీ కనపడేలా పెట్టు. ఎక్కడైనా ఎవరైనా చేసుకోవాలంటే చేసుకోనీ. కింద దేవదానం మేస్త్రి పేరు రాయి, ఆ తర్వాత నాది.

మిగిలిన షటిల్‌ను డబ్బాలో పెట్టాను. నువ్వు పంపిన పేర్ల కాగితాన్ని ముందు వీధంతా తిప్పి చూపించాను, పోస్టాఫీసు గుమాస్తాకు కూడా. నలిగిపోతోందని మీ అత్త లాక్కుని, మడిచి, అదే డబ్బాలో షటిల్ కింద పెట్టింది. కాబట్టి నలభై ఒకటో డబ్బాలో ఇప్పుడు రెండున్నాయి. అంగడిలో మాత్రం ఒకటనే ఉంచు. ఆ రెండోది అమ్మను.

మీ మామ
రామాంజినప్ప